కొల్లేటిని కాపాడవలసిన వారెవరు?

కొల్లేటి సరస్సును గూర్చి వెలువడిన యుత్తరువులకు మన రాష్ట్రమున కొదువ లేదు. 1999వ సంవత్సరమున 5వ కాంటూరు వఱకు గల సరస్సును, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి సంరక్షణ స్థలముగా ప్రభుత్వము ప్రకటించినది. 2002వ సంవత్సరమున రామ్‌సార్ ఒడంబడిక క్రింద, ప్రపంచమునకెల్ల ముఖ్యములైన చిత్తడినేలలలో నొకటిగా దీనికి స్థానము లభించినది. 2006వ సంవత్సరమున న్యాయస్థానపు టాజ్ఞల ననుసరించి చేపల చెఱువుల గట్లను యంత్రములతోను, ప్రేలుడు మందులతోను తెగగొట్టిరి. ఇన్ని జరిగినను ఆ గట్లు మఱల లేచినవి. 2025వ సంవత్సరమున సైతము ఆక్రమణల తొలగింపు వివాదము సర్వోన్నత న్యాయస్థానము నెదుట నుండెను. ఉత్తరువు వెనుక ఉత్తరువు పుట్టుచునే యున్నది. సరస్సు మాత్రము తన పూర్వరూపమును పొందలేదు.

దీనికి కారణ మేమి? అధికారుల యలసత్వమని కొంద ఱందురు. ధనవంతుల దురాశ యని కొంద ఱందురు. ఈ రెండు మాటలలోను నిజము గలదు. కాని వీనికంటె లోతైన కారణ మొకటి గలదని మా యభిప్రాయము. ఈ యిరువదియైదు సంవత్సరములలో కొల్లేటి తీరవాసిని ఒకప్పుడు నేరస్థునిగను, ఒకప్పుడు దయకు పాత్రుడైన దీనునిగను, ఎన్నికల కాలమున ఓటరుగను జూచుటయే జరిగినది గాని, సరస్సు పాలనములో భాగస్వామిగా నాలోచనకు గూర్చుండబెట్టుట మిక్కిలి యరుదు. తన యాలోచన లేక గీయబడిన హద్దును తన హద్దుగా నెవ్వడును భావింపడు. కావలివాడు కనుమఱుగైన మఱునాడే యట్టి హద్దు చెదరిపోవును. కొల్లేటి చరిత్ర మంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానము.

మొదట కొల్లే రనగా నేమో, అది చేయు పని యేమో తెలిసికొనవలయును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పల్లపు తావిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు వాగులును, ఇరు డెల్టాల మురుగుకాలువలును అరువదికి మించిన మార్గములలో వచ్చి దీనిలో పడును. వెడలుటకు మాత్ర మున్నది ఒక్కటే దారి, అదియే ఉప్పుటేరు. అది వంకరలు దిరుగుచు, అరువది కిలోమీటర్లకు పైగా బ్రవహించి సముద్రమును జేరును. అరువది వాకిళ్ల వచ్చిన చుట్టములను ఒక్క దొడ్డిదారిన సాగనంపవలసిన యింటి వంటిది కొల్లేరు. వచ్చినవారు పోవుదాక గూర్చుండుటకు ఆ యింట చోటుండవలయును. ఆ చోటే సరస్సు.

ఆ చోటెంతయో లెక్క చూతము. సముద్రమట్టమునకు 3 అడుగుల యెత్తున నీరు నిలిచినపుడు కొల్లేటి విస్తీర్ణము 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల యెత్తున 308. 7 అడుగుల యెత్తున 675. 10 అడుగుల యెత్తున 901. మూడవ కాంటూరా, అయిదవ కాంటూరా యని నేటికిని సాగుచున్న వివాదము వినువారికి రెండడుగుల తగవుగా దోచును. కాని ఆ రెండడుగులలో సరస్సు రెట్టింపునకు మించి పెరుగుచున్నది. ఆ పొరలో బట్టు నీటిని స్థూలముగా లెక్కించినను నాలుగు టి.ఎం.సి.లకు మించును. ఈ చోటును చెఱువుల గట్లతో నింపినచో వాన తగ్గదు, వాగు వెనుదిరుగదు. ఆ నీరు వేఱొక చోటు వెదకికొనును. ఆ చోటు పై రైతు వరిచేను, లంకవాసి గుడిసె, పట్టణపు పల్లపు పేట.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి, విజయవాడ పేటలు రోజుల తరబడి నీట నుండుట పాఠకులు మఱచి యుండరు. ఆ విపత్తునకు గండ్లును, వాగు పొడవున జరిగిన ఆక్రమణములును, అసాధారణమైన వర్షమును గారణములు. దాని నంతయు కొల్లేటిపై మోపుట న్యాయము గాదు. కాని బుడమేటి నీరు తుదకు జేరవలసినది కొల్లేటికే. పట్టణమును ముంచిన పిమ్మట ఆ వఱద క్రిందికి దిగి లంకగ్రామముల దారులను ముంచినది. పైన కొండవాగు, నడుమ నగరము, క్రింద సరస్సు, చివర ఉప్పుటేరు, ఇవి నాలుగును ఒక్క నీటి కథయే. మనము మాత్రము వీనిని నాలుగు కచేరీలలో, నాలుగు దస్త్రములలో బెట్టి పాలించుచున్నాము.

ఈ కథకు పూర్వభాగము గలదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852వ సంవత్సరమునను, కృష్ణ ఆనకట్ట 1855వ సంవత్సరమునను పూర్తియైనవి. కఱవు దేశమునకు అన్నము పెట్టిన యా నిర్మాణముల ఋణము మనము తీర్చుకొనలేనిది. అయితే పొలమునకు నీరు దెచ్చుట సగము పని. చేను త్రాగి మిగిలిన నీటిని పంపివేయుట తక్కిన సగము. ఆ రెండవ సగము భారమును కొల్లేరు మౌనముగా మోసినది. ఆ భారమెంతటిదో డెల్టా రైతునకు దెలియకపోలేదు. మురుగుకాలువల బాగునకై 1968వ సంవత్సరమున ప్రత్యేకముగా నొక సుంకపు చట్టమే వచ్చినది. కాబట్టి సరస్సుతో తమకు సంబంధము లేదని పై రైతులు అనజాలరు. వారి పొలములో దిగిన ప్రతి కాలువకు కొనయందు కొల్లేరో, దాని వంటి పల్లమో గలదు.

సరస్సులో చేపల చెఱువులు వెలయుటయు దురుద్దేశముతో నారంభమైనది కాదు. వఱదలకు పంట దక్కక, వేసవిలో నీరింకి వేట దక్కక బాధపడుచున్న లంకగ్రామముల పేదలకు జీవనోపాధి కల్పింపవలెనని 1970ల దశకమున ప్రభుత్వమే సహకార సంఘములకు చెఱువులు ద్రవ్వుకొన ననుమతి నిచ్చినది. కాని చెఱువు త్రవ్వుటకు, పిల్లచేపలు వదలుటకు, మేత వేయుటకు పెట్టుబడి గావలయును. పేదవాని సంఘమునకు పత్రమున్నది, పెట్టుబడి లేదు. పెట్టుబడిగలవానికి పత్రము లేదు. ఈ యిరువురి నడుమ కౌలు పుట్టినది. క్రమముగా చెఱువు సంఘము పేరను, లాభము పరుల చేతను నిలిచినవి. చేపలు బండ్లకెక్కి కలకత్తాకును, ఈశాన్య రాష్ట్రములకును బోయినవి. సరస్సు నడుమ గట్లు లేచినవి. తన సరస్సులో స్వేచ్ఛగా వల విసరిన వేటగాడు పరుని చెఱువునకు కావలి కూలివాడైనాడు.

అట్టి స్థితిలో సంరక్షణ ప్రకటన వచ్చినది. అది యవశ్యకమైనదే; మే మా ప్రకటనను తప్పు పట్టుట లేదు. కాని దాని యమలు జరిగిన తీరు ఆలోచింపదగినది. 2006లో గట్లు తెగినపుడు నీటికి దారి దొరకినది, అది మేలు. అదే దినమున కూలి పోయిన లంకవాసికి ఏ పని చూపవలయును, జిరాయితీ పట్టా గలవాని కేమి సమాధానము చెప్పవలయును, సరస్సులో వేటహక్కు లెవరివి, నీటిమట్టమును ఎవరు కాపాడవలయును అను ప్రశ్నలకు తీరవాసులు నమ్మదగిన యుత్తరము స్థిరపడలేదు. పగిలిన గట్టునకు బదులుగా నొక యేర్పాటు కనబడకున్న, మనుష్యుడు తనకు దెలిసిన గట్టునే మఱల వేసికొనును. 2006 తరువాత జరిగినది సరిగా నిదియే.

అటు పిమ్మట రాజకీయము వేఱొక దారి బట్టినది. సరస్సు హద్దును 3వ కాంటూరునకు దగ్గింపవలెనని 2008వ సంవత్సరమున శాసనసభ తీర్మానించినది. దానిపై విచారించుటకు కేంద్రప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము అట్లు తగ్గించుట కంగీకరింపలేదు. అయినను ప్రతి యెన్నికలకును మూడవ కాంటూరు మాట లేచుచు, ఎన్నికలు ముగియగనే పండుకొనుచు వచ్చినది. ఈ యాశ తీరవాసికి చేసిన కీడు ఇంతంత గాదు. రేపో మాపో హద్దు తగ్గునని నమ్మినవాడు నేడు చెఱువును మానునా? వేఱు జీవనోపాయము వెదకికొనునా? అబద్ధపు టాశ సరస్సును జంపుటలో ఆక్రమణకు దీసిపోదు.

కొల్లేటితో సంబంధము గలవారెవరు? మొదట వేటపై బ్రతుకు వడ్డి మొదలగు మత్స్యకార కుటుంబములు. వీరికి సరస్సులోని ఋతువులన్నియు దెలియును. కొర్రమీను ఏ నాచులో నిలుచునో, ఏ వాగు నీరు మొదట దిగునో, గుఱ్ఱపుడెక్క ఏ గాలికి ఏ యొడ్డు జేరునో వీరి కెఱుకయే. ఇంతటి విద్య గలవారిని సాక్షులుగానైన బిలువక సరస్సునకు ప్రణాళిక వ్రాయుట, పైరు నెఱుగని వాడు కరణీకము చేయుట వంటిది. వీరిలో స్త్రీల మాట మఱియు ముఖ్యము. చేపను అంగటికి జేర్చి కుటుంబమునకు గింజలు దెచ్చువారు వారే. సభలో వెనుక నిలుచువారును వారే.

రెండవవారు 5వ కాంటూరు లోపల పట్టాభూములు గలవారు. వీరి యధీనమున వేలాది యెకరములు గలవు. ప్రకటనకు ముందునుండియు శిస్తు గట్టిన భూమి తనదని చెప్పువానిని ఆక్రమణదారునితో గలిపి దూషించుట ధర్మము గాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమే హక్కులను విచారించు పద్ధతిని జిల్లా కలెక్టరు విధిగా నిర్ణయించినది. కాని ఆ న్యాయమును అడ్డము పెట్టుకొని, తన యయిదెకరముల పట్టాతో ఏబదియెకరముల సరస్సును చుట్టుకొన్నవాడును గలడు. మంచివాని హక్కు తేలనంతకాలము దొంగకు దానినీడ దొరకును. ఆలస్యము వలన లాభపడువాడు వీడే.

మూడవవారు సరస్సున కెగువనున్న రైతులు, నాలుగవవారు పట్టణవాసులు. అనగా ఈ పత్రిక చదువు మనలో పెక్కుమంది. మన పొలముల యెఱువులు, పురుగుమందులు మురుగుకాలువల బడి యక్కడికే పోవుచున్నవి. విజయవాడ, గుడివాడ, ఏలూరు పట్టణముల మలినజలము వాగుల వెంట నక్కడికే దిగుచున్నది. ఒడ్డున నున్న పేద వేటగానికి సరస్సు ధర్మము బోధించు మనము, మన యింటి తూము నీరెక్కడికి బోవుచున్నదో విచారించినామా? శీతకాలమున ఆటపాక వద్ద గూడబాతులను జూచి యానందించి వచ్చు పట్టణవాసి, ఆ పక్షి యీదు నీటిలో తన పాలు మలిన మెంతయో తెలిసికొనుట మేలు. అయిదవవారు ఉప్పుటేటి యొడ్డువారు. సరస్సులో నీరు తగ్గినపుడు సముద్రపు టుప్పునీరు ఎగబ్రాకి మొదట వీరి నేలలను, త్రాగునీటిని జెఱచును.

ఇచట నొక యాక్షేపణ వినవచ్చును. “వీరందఱిని గూర్చుండబెట్టిన నేమగును? ఎవని స్వార్థము వానిది. చెఱువు గలవాడు చెఱువునే కోరును. బలవంతుని మాటయే సభ మాట యగును. తుదకు మూడవ కాంటూరే తీర్మానమగును. చట్టము నమలు పఱచుట తప్ప వేఱు మార్గము లేదు.” ఈ యాక్షేపణ తేలికగా ద్రోయదగినది కాదు. గ్రామసభలలో ధనవంతుని దగ్గుకు సహితము అర్థమున్నదని, పేదవాని మాటకు లేదని మన మెఱిగినదే.

దీనికి మా సమాధాన మిది. ప్రజల నాలోచనకు బిలుచుట యనగా చట్టమును వేలము వేయుట గాదు. సరస్సు నుండవలయునా, వలదా యనునది ఓటుకు బెట్టదగిన ప్రశ్న గాదు; అది ముందు తరముల సొత్తు. నీటి కెంత చోటు గావలయునో చెప్పునది నీరే గాని మనుష్యుడు గాడు. ఆ చోటును ఎట్లు ఖాళీ చేయవలయును, ఎవని నష్ట మెంత, దానిని ఎవరు పంచుకొనవలయును, మిగిలిన సరస్సును ఎవ రనుభవింపవలయును, ఎవరు కాయవలయును అను నివి తీరవాసులు లేక తేలు ప్రశ్నలు గావు. మొదటి ప్రశ్నను సభ కప్పగించిన సరస్సు పోవును. రెండవ వానిని సభ కప్పగింపకున్న చట్టము పోవును. ఇంతకాలము మనము ఈ రెంటిని తాఱుమాఱు చేసితిమి. హద్దును రాజకీయ సభల చర్చకు విడిచితిమి. జీవనమును కచేరీల దస్త్రములకు విడిచితిమి.

స్వార్థపరులైన రైతులు తమకు దాము కట్టుబాటు చేసికొనజాలరను మాటకు మన తెలుగుదేశముననే ప్రత్యక్ష ఖండనము గలదు. ఈ శతాబ్దపు తొలి దశకమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలోని కఱవు గ్రామములలో, రైతుల చేతనే భూగర్భజలమును గొలిపించు ప్రయత్న మొకటి జరిగినది. ఊర వానకొలత పాత్ర నుంచిరి. పదునైదు దినముల కొకసారి బావిలో నీటిమట్టమును రైతులే కొలిచి, ఊరి గోడపై వ్రాసిరి. రబీ పంటకు ముందు ఊరంతయు జేరి, భూమిలో నున్న నీరెంత, వేయదలచిన పంటలకు గావలసినదెంత యని లెక్క గట్టిరి. వరి వేయరాదని శాసించినవాడు లేడు. బోరుకు ముద్ర వేసినవాడు లేడు. అయినను లెక్క కంటికి గనబడగనే పెక్కుచోట్ల రైతులు తమంతట దామే వరి తగ్గించి, నీరు తక్కువ కోరు పంటలకు దిరిగిరి. అధికారి చెప్పిన లెక్కను రైతు సందేహించును. తన చేతి త్రాటితో గొలిచిన లెక్కను సందేహింపడు.

సరస్సుల విషయమున దృష్టాంతమునకు దూరము బోనక్కఱలేదు. మన పొరుగున నున్న ఒడిశా రాష్ట్రమున చిలుక సరస్సు పూడికచేతను, సముద్రపు మొగ మూసికొనిపోవుటచేతను క్షీణించి, 1993వ సంవత్సరమున రామ్‌సార్ వారి యాపన్న సరస్సుల పట్టికలోనికెక్కినది. 1991లోనే ఆ ప్రభుత్వము సరస్సునకై ప్రత్యేకముగా నొక ప్రాధికార సంస్థను ఏర్పఱచియుండెను. శాస్త్రజ్ఞుల పరిశోధనను, మత్స్యకారుల యనుభవమును జతగూర్చి, 2000వ సంవత్సరము సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త మొగ ద్రవ్విరి. ఉప్పు తీపి నీళ్ల పొందిక మఱల గుదిరినది, చేపలు పెరిగినవి. 2002లో చిలుక ఆ యాపద పట్టికనుండి వెడలినది. అచట రొయ్యల కట్టల వివాదములు నేటికిని లేకపోలేదు. చిలుక స్వర్గమని మే మనుట లేదు. కాని సరస్సున కంతటికి నొక్క సంస్థ, నొక్క లెక్క, తీరవాసులతో నెడతెగని సంభాషణ యుండుట వలన కలిగిన మేలును కన్నులార జూడవచ్చును.

మఱియొక సంగతి. రామ్‌సార్ ఒడంబడిక నిషేధము నాధారముగా జేసికొన్నది కాదు. వివేకముతో గూడిన వినియోగమే దాని మూలసూత్రము. 1999వ సంవత్సరమున, అనగా మన ప్రభుత్వము కొల్లేటికి హద్దు గీసిన సంవత్సరముననే, కోస్టారికా దేశపు సాన్ హోసే నగరమున జేరిన ఆ యొడంబడిక మహాసభ, చిత్తడినేలల పాలనములో స్థానికులకు భాగము గల్పింపవలెనని మార్గదర్శక సూత్రముల నామోదించినది. రామ్‌సార్ పేరును మనము ఫలకములపై వ్రాసికొంటిమి. దాని సూత్రమును లంకలకు దెచ్చుకొనలేదు. 2017వ సంవత్సరపు చిత్తడినేలల నిబంధనలు రాష్ట్రములలో ప్రాధికార సంస్థలను గల్పించినవి. కాబట్టి చట్టము చాలదని చెప్పుటకు వీలులేదు. చాలనిది చట్టమును ఊరిలోనికి దెచ్చు పద్ధతి.

అయితే పద్ధతి పేర జరుగు తంతులును గలవు. ఎవ్వరును జదువని చోట ప్రకటన అంటించుట, పనిదినమున పట్టణములో సభ పెట్టుట, వచ్చిన నలుగురు పెద్దల సంతకములు గైకొని, ప్రజాభిప్రాయము సేకరింపబడినదని వ్రాయుట మన పాఠకు లెఱుగని విద్య గాదు. ఇట్టి తంతు జరుపుటకంటె అసలు పిలువకుండుటయే మేలు. పిలువనివానికి కోపము మాత్రమే యుండును. పిలిచి వినబడనివానికి అవిశ్వాసము గూడ పుట్టును.

ఇక చేయవలసిన దేమి? మా సూచనలను సంగ్రహముగా నివేదించుచున్నాము.

మొదటిది, బుడమేరు తమ్మిలేళ్ల యెగువనుండి ఉప్పుటేటి మొగ వఱకు నొక్కటే పరీవాహక మండలి యుండవలయును. 2022లో జిల్లాలు విభజింపబడినవి గాని నీరు విభజింపబడలేదు. ఆ మండలిలో అధికారులు, శాస్త్రజ్ఞులతో బాటు సగము స్థానములు సరస్సుపై బ్రతుకువారికి జెందవలయును. వేటగాండ్రకు, భూమిలేని కూలీలకు, స్త్రీలకు వేఱువేఱుగా ప్రతినిధు లుండవలయును. చెఱువుల పెట్టుబడిదారులు మత్స్యకారుల పేరిట గూర్చుండుటకు వీలుండరాదు. నీటి వినియోగదారుల సంఘములను 1997వ సంవత్సరపు చట్టముచే మనము పదివేలకు పైగా స్థాపించుకొంటిమి. పొలమునకు నీరు పంచుకొనుటకు సంఘము పనికివచ్చినపుడు, పొలమునుండి వెడలిన నీటిని భరించుటకు సంఘమేల పనికిరాదు?

రెండవది, హద్దును కాగితముమీదనుండి నేలమీదికి దింపవలయును. గ్రామము వెంట గ్రామముగా, ఊరివారి యెదుట 5వ కాంటూరు వెంబడి నడచి రాళ్లు పాతి, ఆ పటమును ప్రతి పంచాయతీ గోడపై నుంచవలయును. పట్టా హక్కులను ఆ సందర్భముననే విచారించి, నిర్ణీత కాలములో తేల్చవలయును. నిజమైన హక్కుదారునకు తగిన పరిహారమో, నీటికి నడ్డురాని వ్యవసాయమునకు అనుమతియో లభింపవలయును. హక్కు లేనివాని గట్టు, వాడెంతటివాడైనను, తొలగవలయును. పెద్దవాని గట్టు మొదట దీసినచో చిన్నవాడు తనది తానే తీయును.

మూడవది, సరస్సు లెక్క సరస్సు వారి చేత నుండవలయును. వాగులు దిగు చోట్లను, సరస్సు నడుమను, ఉప్పుటేటి తలను నీటికొలత కఱ్ఱలు నాటి, లంకగ్రామముల యువకుల చేత, బడిపిల్లల చేత వారమునకొకసారి మట్టమును, ఉప్పును గొలిపించి, ఊరూర బలకలపై వ్రాయింపవలయును. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఆ ప్రాంతపు జనమంతయు జేరుదురు గదా! ఆ జాతర దినములలోనే సంవత్సరపు లెక్కను బహిరంగముగా జదివి వినిపించు నాచార మేర్పడిన నెంత బాగుండును! అమ్మవారి సన్నిధిని దప్పుడు లెక్క చదువుటకు ఎంతవాడును వెనుదీయును.

నాలుగవది, పట్టణములు తమ మలినమును శుద్ధిచేయక వాగులలో విడుచుట మానవలయును. ఈ పని తీరవాసి త్యాగముకంటె ముందు జరుగవలయును, వెనుక గాదు. బలవంతుడు తన వంతు మొదట జెల్లించినచో దుర్బలుని వంతును అడుగుటకు మనకు నోరుండును.

అయిదవది, సాంప్రదాయికమైన వేటకు భద్రత గావలయును. ఏ గ్రామము వారు ఎక్కడ, ఏ నెలలలో, ఏ వలలతో వేటాడవచ్చునో గ్రామములు తమలో దాము నిర్ణయించుకొని మండలిలో నమోదు చేసికొనవలయును. సరస్సు బ్రతికిన తన యింట గింజ బ్రతుకునని వేటగానికి నమ్మిక కుదిరిన దినమున, వేయిమంది కావలివారు చేయలేని పనిని వాడు కూలి లేక చేయును.

ఇవి యన్నియు కాలవ్యయముతో గూడిన పనులని మే మెఱుగుదుము. ఒక్క రాత్రిలో వందగట్లు తెగగొట్టిన యట్టి వార్త దీనివలన బుట్టదు. సభలు సాగును, తగవులు లేచును, రెండు వేసవులు గడచును. కాని వేగముగా జరిగిన పని యేమైనదో మనము చూచితిమి. తెగగొట్టిన గట్లు మఱల లేచినవి. పరస్పరాంగీకారముతో బాతిన సరిహద్దురాయి మన గ్రామములలో తరములు నిలిచియున్నది. ఏ రైతునైన నడిగి చూడుడు. కోర్టు తీర్పుతో వచ్చిన గట్టుతగవు మనుమల వఱకు సాగును. ఊరి పెద్దలు ఇరువాగుల నడుమ నిలిచి పాతించిన రాయిని ఎవ్వడును కదల్చడు.

తుదకు భూస్వాములైన మా పాఠకులతో నొక మాట. మీలో కొందఱికి సరస్సు లోపల కౌలుకిచ్చిన భూములు గలవు. పెక్కుమందికి సరస్సున కెగువ మాగాణులు గలవు. ఆ కౌలు రూపాయ ఏటేట చేతికి వచ్చుచు గనబడును. వఱద నష్టము అయిదేండ్లకో పదేండ్లకో వచ్చును గనుక కనబడదు. ఈ రెండును ఒక్క ఖాతాలోనివే. వచ్చు వానకాలమునకు ముందు మీ గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయుడు. మన మురుగుకాలువ కొన ఎక్కడ? 5వ కాంటూరు మన యూర నెచటినుండి పోవుచున్నది? ఆ గీతకు లోపల గట్లు వేసినదెవరు? వీనికి ఉత్తరము దొరకు సభయే కొల్లేటి రక్షణమునకు మొదటి సభ. ఆ సభను ఏ ప్రభుత్వమును మీకు బదులుగా జరుపజాలదు.